మరపు – మందు – మెతుకు

హైదరాబాదు పాతనగరంలో చార్మినారుకు, మక్కా మసీదుకు చేరువగా నిజామియా యునానీ వైద్యశాల ఉన్నది. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనాకాలంలో వెలసిన కట్టడమది. మోకాళ్ల నొప్పులు, ఆయాసం, అజీర్ణం, ఇట్టి బాధలతో అక్కడికి చేరే వృద్ధులు చివరకు మరొక్కటి కూడ చెప్పుకొనుట సహజం: ‘ఈ మధ్య ఏదీ జ్ఞాపకం ఉండుట లేదు.’ హకీములు ఈ బాధకు పెట్టిన పేరు నిస్యాన్. తెలుగువారి ఇండ్లలో దానికి పేరేదీ పెట్టరు. పెద్దవారికి రాత్రి నానవేసిన బాదం పప్పులు ఉదయం పొట్టు తీసి ఇస్తారు. సరస్వతి ఆకు పచ్చడి చేస్తారు. పాలలో పసుపు కలుపుతారు. చెట్టు నుండి వచ్చే పదార్థమేదో బుద్ధిని కాపాడుతుందనే నమ్మకం హకీముకు, గృహిణికి సమానమే.

వయసుతో వచ్చే సామాన్యమైన మరపు వేరు, వైద్యులు డిమెన్షియా అని వ్యవహరించే బుద్ధిక్షీణత వేరు. తాళంచెవి ఎక్కడ పెట్టినామో మరచుట మొదటిది. తాళంచెవి దేనికో మరచుట రెండవది. 2023లో ప్రకటితమైన ఒక జాతీయ పరిశీలన ప్రకారం మన దేశంలో 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షల మందికి, ఈ క్షీణత ఉన్నది. వీరిలో హెచ్చుమందికి దానిని పూర్తిగా మాన్పగల మందు ఇంతవరకు లేదు. అందుచేతనే కుటుంబాలు వంటయింటి వైపును, మూలికల దుకాణం వైపును చూస్తున్నవి. చూడవద్దని చెప్పుట నా ఉద్దేశం కాదు. అయితే ఈ ప్రశ్నకు మన నగరంలో నాలుగు శతాబ్దాల చరిత్ర కలదు. ఆ చరిత్రలో ఒక్క అధ్యాయం మాత్రం నమ్మకం మీద కాక నిరూపణ మీద నిలిచినది. విచిత్రమేమనగా, ఆ అధ్యాయానికి సంబంధించినది ఖరీదైన మూలిక కాదు, జొన్నరొట్టె.

ముందు మూలికల సంగతి చూతము. 1591లో చార్మినారును నిర్మించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా, నాలుగేండ్లకే, 1595లో, దారుల్‌షిఫా అనే వైద్యశాలను కట్టించినాడు. ‘స్వస్థత నిలయం’ అని ఆ పేరుకు అర్థం. నడుమ విశాలమైన ముంగిలి, చుట్టును రెండంతస్తుల గదులు. రోగులకు చికిత్స, విద్యార్థులకు వైద్యబోధన రెండును అచ్చటనే జరిగేవి. సాలార్‌జంగ్ మ్యూజియం నుండి పురానీ హవేలీ వైపు పోయేవారు నేటికీ ఆ పేటను దారుల్‌షిఫా అనే పిలుస్తున్నారు. అచ్చట బోధించిన యునానీ వైద్యం గ్రీకుదేశంలో పుట్టి, అరబ్బు పండితుల చేతిలో పెరిగి, పారశీకుల ద్వారా దక్కనుకు వచ్చినది. ఇబ్న్ సీనా వ్రాసిన వైద్యధర్మశాస్త్రం దానికి మూలస్తంభం.

ఆ శాస్త్రం ప్రకారం జ్ఞాపకం మెదడు వెనుక భాగంలోని కోష్ఠంలో నివసిస్తుంది. మైనం మీద ముద్ర నిలుచుటకు మైనం మరీ తడిగా ఉండరాదు గదా. అట్లే ఆ భాగంలో చల్లదనం, తేమ హెచ్చినచో, అనగా కఫం పేరుకొన్నచో, ముద్ర నిలువదు. వృద్ధుల శరీరం సహజంగా చల్లబడుతుంది కాబట్టి వారికి మరపు హెచ్చు. ఈ సిద్ధాంతం నేటి శరీరశాస్త్రానికి ఒప్పదు. కాని లోపల ఒక తర్కం ఉన్నది. ఆ తర్కం నుండి చికిత్స పుట్టినది. చల్లని, తడి గుణంగల ఆహారం మాన్పించి, వేడిమిని, పొడితనాన్ని కలిగించే ద్రవ్యాలను తేనెలో కలిపి లేహ్యంగా ఇచ్చేవారు. ఆ లేహ్యమే మజూన్.

మజూన్‌లలో చేరిన ద్రవ్యాలను చూచినచో ప్రపంచవర్తకమంతా ఒక్క సీసాలో కనిపిస్తుంది. మధ్యధరా తీరపు ఉస్తుఖుద్దూస్ పువ్వును ‘మెదడును ఊడ్చే చీపురు’ అని హకీములు ముద్దుగా పిలిచినారు. అరేబియా నుండి కుందుర్ అనే సుగంధపు బంక, కాశ్మీరం, ఇరాన్ నుండి కుంకుమపువ్వు. మన ఏటి గట్టులలోను, తడి నేలలలోను పెరిగే వస కూడ అందులో ఉన్నది. వస మాట రాగానే తెలుగువారికి మరొకటి జ్ఞాపకం రావాలి. మాటలు త్వరగా రావలెనని పసిపిల్లల నాలుకకు వసకొమ్ము అరగదీసి రాచేవారు. తెరపి లేక మాటలాడే పిల్లను ‘వసపిట్ట’ అంటాము. దక్కను హకీముకు, తెలంగాణ ముసలమ్మకు ఈ వేరు విషయంలో భేదాభిప్రాయం లేదు. అయితే వసలోని ఒక తైలద్రవ్యం ఎలుకలలో కణుతులు పుట్టించినట్లు తేలుటచేత 1968లో అమెరికా ప్రభుత్వం దానిని ఆహారపదార్థాలలో వాడకూడదని నిషేధించినది.

ఏమి తినవలెనో చెప్పిన పండితులే ఏమి తినరాదో కూడ చెప్పినారు. జర్నూజీ అనే పండితుడు సుమారు ఎనిమిది వందల ఏండ్ల క్రిందట విద్యార్థుల కొరకు వ్రాసిన అరబ్బీ గ్రంథం మదరసాలలో తరతరాలుగా పాఠ్యమైనది. తేనె, చక్కెరతో కుందుర్, పరగడుపున 21 ఎండుద్రాక్షలు జ్ఞాపకాన్ని పెంచునని అందులో ఉన్నది. పచ్చి కొత్తిమీర, పుల్లని ఆపిలు మరపును కలిగించునని కూడ ఉన్నది. హైదరాబాదు వంటలో కొత్తిమీర పడని గిన్నె ఏదో నాకు తెలియదు. ఆ పండితుని మాట నిజమై ఉంటే ఈ నగరం తన పేరునే ఎన్నడో మరచిపోయి ఉండేది.

ఈ ద్రవ్యాలన్నింటిలో అతి ఘాటైనది బలాదుర్. తెలుగులో నల్లజీడి, ఉర్దూలో భిలావాఁ. చాకలివారు బట్టలకు గుర్తులు పెట్టే జీడి ఇదే. దాని పైపెంకులోని నల్లని రసం చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది, ఒకొక్కప్పుడు ఒళ్లంతా వాస్తుంది. మహావేడి ద్రవ్యం కాబట్టి చల్లబడిన మెదడుకు ఇదే పరమౌషధమని పూర్వవైద్యులు నిశ్చయించినారు. మన ఆయుర్వేదం కూడ భల్లాతకం పేరుతో దీనిని మేధకు, దీర్ఘాయువుకు రసాయనంగా స్వీకరించినది. ఇస్లాం విజయాల చరిత్ర వ్రాసిన ప్రసిద్ధుడు అల్ బలాజురీ సుమారు 892లో మరణించినాడు. జ్ఞాపకశక్తి కొరకు మోతాదు తెలియక బలాదుర్ రసం త్రాగి మతి చెడి మరణించినాడనియు, అందుకే ఆ పేరు వచ్చినదనియు ఒక కథ. త్రాగినది అతడు కాదు, తాతగారని మరొక కథ. ఏది నిజమైనను, మందుకు వెలకట్టిన విధం చూడండి: తెలివిని కొనుటకు పోయి తెలివినే చెల్లించినాడని చెప్పుకొన్నారు. హకీములు కూడ ఈ అపాయాన్ని ఎరుగుదురు. రసం తొలగించి శుద్ధి చేయనిదే జీడిని లోనికి ఈయరాదని వారి నియమం.

ఈ ద్రవ్యాలలో ఏదైనా పనిచేసినదా? ఈ ప్రశ్నకు హకీముల గ్రంథాల నుండి జవాబు రాదు. వారు రోగిని చూచినారు, మందు ఇచ్చినారు, మేలైనదని వ్రాసినారు. మందు ఈయని రోగి సంగతి వ్రాయలేదు. ఇది వారి తప్పు కాదు. నాడు ఐరోపాలో కూడ ఎవరును అట్లు వ్రాయలేదు. మరొక్క చిక్కున్నది, అది పేర్ల చిక్కు. బ్రాహ్మి అనే మాట ఒక ప్రాంతంలో నీటి ఒడ్డున పాకే నీరుబ్రాహ్మికి, మరొక ప్రాంతంలో మనం సరస్వతి ఆకు అని తినే మండూకపర్ణికి చెల్లుతున్నది. రెండును వేరువేరు కుటుంబాల మొక్కలు. రెంటిలోని రసాయనాలు వేరు. నీరుబ్రాహ్మి సారం కొన్ని వారాలు పుచ్చుకొన్న ఆరోగ్యవంతులలో, నేర్చినది తిరిగి చెప్పు శక్తి కొద్దిగా మెరుగైనట్లు కొన్ని చిన్న పరీక్షలు తెలిపినవి. బుద్ధిక్షీణతను అది ఆపునని నిరూపణ లేదు. దుకాణంలో బ్రాహ్మి అని అడిగినవారికి రెండింటిలో ఏది లభించినదో చెప్పుట కూడ సులభం కాదు.

ఇంతవరకు చెప్పినది కుంకుమపువ్వు, బాదం కొనగలిగినవారి కథ. అదే నగరపు ఆసుపత్రులకు మరొక రకం రోగులు వస్తుండేవారు. వారు హైదరాబాదు చుట్టుప్రక్కల మెట్టపొలాల కూలీలు, నగరానికి పని వెదకుకొంటూ వచ్చిన బీదలు. పొద్దున అంబలి, మధ్యాహ్నం జొన్న గటక, రాత్రి జొన్నరొట్టె, నంజుకొనుటకు కారం. పప్పు ఎప్పుడో, పాలు లేవు, మాంసం పండుగనాడు. ఎండ తగిలే చేతుల మీద, పాదాల మీద, మెడ చుట్టును చర్మం నల్లబడి పగిలేది. నాలుక ఎర్రబడి పుండయ్యేది. విరేచనాలు పట్టేవి. తర్వాత నిద్ర పట్టదు. మనిషి దిగులుగా కూర్చుంటాడు, ఉలిక్కిపడతాడు, చెప్పినది మరచిపోతాడు, కొందరు అయినవారిని గుర్తించరు. అట్టివారిలో కొందరిని ఇంటివారు పిచ్చి పట్టినదని మానసిక వైద్యశాలకు తీసుకొనిపోయినారు. ఈ జబ్బు పేరు పెల్లాగ్రా.

ఈ పేరు ఇటలీది. గరుకు చర్మమని అర్థం. 1735లో స్పెయిన్ దేశపు వైద్యుడు గాస్పర్ కసాల్ అస్తూరియా మండలంలోని బీద రైతులలో ఈ జబ్బును మొదట వర్ణించినాడు. మెడ చుట్టూ వచ్చే మచ్చను నేటికీ కసాల్ కంఠహారమంటారు. అమెరికా ఖండం నుండి మొక్కజొన్న వచ్చి బీదల ఏకైక ఆహారమైన చోటనెల్లా పెల్లాగ్రా వెంట వచ్చినది. అయితే మొక్కజొన్న పుట్టిన మెక్సికోలో ఈ జబ్బు లేదు. అక్కడి స్త్రీలు గింజలను సున్నపునీటిలో ఉడికించి రుబ్బేవారు. గింజలో బంధింపబడి ఒంటికి పట్టని పోషకం ఆ సున్నం వలన విడివడేది. ఐరోపావారు గింజను తెచ్చుకొన్నారు గాని వంటను తెచ్చుకొనలేదు.

ఇరువదవ శతాబ్దపు ఆరంభంలో అమెరికా దక్షిణ రాష్ట్రాలలో పెల్లాగ్రా లక్షలమందిని పట్టినది. అది అంటువ్యాధి అని పలువురు నమ్మినారు. 1914లో ప్రభుత్వం పంపగా వెళ్లిన డాక్టరు జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ పిచ్చాసుపత్రులను, అనాథాశ్రమాలను చూచి ఒక సామాన్యమైన సంగతి గమనించినాడు. రోగులకు జబ్బున్నది, పగలూ రాత్రీ వారిని అంటిపెట్టుకొని ఉండే సేవకులకు లేదు. అంటువ్యాధి ఉద్యోగులను గుర్తుపట్టి విడిచిపెట్టదు గదా! భేదం పళ్లెంలో ఉన్నది. 1915లో మిసిసిపీ రాష్ట్రంలోని ఒక జైలు పొలంలో, శిక్ష రద్దు చేసెదమనే మాట మీద ఒప్పుకొన్న 11 మంది ఖైదీలకు మొక్కజొన్న, తెల్లపిండి వంటి ఆహారమే పెట్టగా కొద్ది నెలలలో ఆరుగురికి పెల్లాగ్రా వచ్చినది. ఆకలిగొన్న ఖైదీకి స్వేచ్ఛను ఎరగా చూపుట నేటి న్యాయానికి సమ్మతం కాదు. అయినను జవాబు తేలినది. ఆ పోషకమేదో కనుగొనకమునుపే, 1929లో, గోల్డ్‌బెర్గర్ మరణించినాడు.

1937లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కాన్రాడ్ ఎల్వెజెమ్ అది నికోటినిక్ ఆమ్లమని చూపినాడు. కుక్కలకు పెల్లాగ్రా వంటిదే ‘నల్లనాలుక’ అనే జబ్బు వస్తుంది. ఈ ఆమ్లం ఇవ్వగానే అది నయమైనది. ఆ సంవత్సరాలలోనే మన భీమవరంలో 1895లో జన్మించి అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, డాన్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి, కాలేయసారంలో నల్లనాలుకను మాన్పు అంశం గూర్చి పరిశోధించినారు. ఈ ఆమ్లాన్ని రసాయనజ్ఞులు మొదట పొగాకులోని నికోటిన్ నుండి తయారుచేసినారు. పేరు అందువలన వచ్చినది. పొగాకులో విటమిన్ ఉన్నదని జనం పొరపడుదురని తరువాత దానిని నియాసిన్ అన్నారు. మంచి పని చేసినారు. పొగాకు పండించే మన జిల్లాలలో ఆ పొరపాటుకు గిరాకీ ఉండేది.

ఇక హైదరాబాదుకు వత్తము. 1918లో నీలగిరులలోని కూనూరులో రాబర్ట్ మెకారిసన్ బెరిబెరి పరిశోధన కొరకు ఒక చిన్న విభాగం స్థాపించినాడు. పెరిగి పెద్దదై, పోషకాహార పరిశోధనాలయం అనే పేరుతో అది 1958లో హైదరాబాదుకు తరలివచ్చి ఉస్మానియా విశ్వవిద్యాలయం చేరువన తార్నాకలో స్థిరపడినది. 1969 నుండి దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ. కొండలమీది కూనూరులో జొన్న తినే జనం లేరు. ఇక్కడ అడుగడుగునా ఉన్నారు. ఆ సంస్థ పుట్టిన సంవత్సరంలోనే సేలంలో పుట్టిన డాక్టరు సి. గోపాలన్, సహచరుడు ఎస్. జి. శ్రీకాంతయ్య హైదరాబాదు పెల్లాగ్రా రోగులను చూచి ఒక వింతను గమనించినారు.

వింత ఇది. మన శరీరం నియాసిన్‌ను కొంత ఆహారం నుండి నేరుగా తీసుకొంటుంది. కొంత ట్రిప్టోఫాన్ అనే మాంసకృత్తుల భాగం నుండి తయారుచేసుకొంటుంది. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్‌కు ఒక మిల్లీగ్రాము నియాసిన్. మొక్కజొన్నలో ట్రిప్టోఫాన్ తక్కువ. కాబట్టి పెల్లాగ్రా వచ్చుట అర్థమవుతుంది. కాని జొన్నలో అది అంత తక్కువ కాదు. బియ్యంతో పోల్చితే జొన్నలో నియాసిన్ కూడ లోటు లేదు. బియ్యమే తిని బ్రతికే బీదలకు పెల్లాగ్రా రాకుండగా జొన్న తినేవారికి ఏల రావలెను? మొక్కజొన్నకును జొన్నకును సమానమైనదేమిటని వెదకగా, రెంటిలోను ల్యూసిన్ అనే మరొక భాగం అత్యధికంగా ఉన్నట్లు కనిపించినది. 1960లో లాన్సెట్ పత్రికలో వారు తమ వాదాన్ని ప్రకటించినారు: పోషకం లోపించుట మాత్రమే కాదు, ఒకటి మితిమీరుట వలన మరొకటి ఉండియు పనికిరాకుండ పోవుట ఈ జబ్బుకు కారణమని.

తర్వాత పదేండ్లు ఈ వాదాన్ని పరీక్షించుటలో గడచినవి. జొన్న పెట్టిన కుక్కలకు నల్లనాలుక వచ్చినది. ల్యూసిన్ తక్కువగా ఉన్న జొన్నరకం పెట్టిన కుక్కలకు రాలేదు. ఈ ఫలితాలు 1969లో అచ్చయినవి. పెల్లాగ్రా రోగుల తలకు తీగలు అమర్చి మెదడులోని విద్యుత్తరంగాలను గీయించి చూచినారు. తరంగాల నడక మారినది. అనగా ఆ దిగులు, ఆ మరపు రోగి స్వభావం కాదు, కర్మఫలం కాదు. మెదడు ఆహారం లేక తడబడుచున్నది. 1971లో కమలా కృష్ణస్వామి, గోపాలన్, ల్యూసిన్‌కు విరుగుడుగా ఐసోల్యూసిన్ ఇచ్చినపుడు రోగుల చర్మంలోను, ఈ విద్యుల్లేఖలోను కలిగిన మార్పులను తెలిపినారు. ఇతర దేశాల ప్రయోగశాలలన్నియు ఇవే ఫలితాలు పొందలేదు. ల్యూసిన్ ఒక్కటే దోషి అని నేడు గట్టిగా చెప్పేవారు తక్కువ. జొన్నలోని నియాసిన్ ఒంటికి పట్టకుండుట, ఇతర విటమినుల లోటు కూడ లెక్కలోకి వచ్చినవి. నాకు మాత్రం ఆ వాదపు గెలుపోటములకంటె, నగరంలోని బీదవాని పళ్లెం వైపు తల వంచి, ‘ఈ గింజలో ఏమున్నది?’ అని అడిగిన ఆ చూపు గొప్పదనిపిస్తుంది.

చికిత్స సంగతి చెప్పక విడువరాదు. నికోటినమైడ్ బిళ్లలు చవకైనవి. రోజుకు కొన్ని వందల మిల్లీగ్రాములు ఇచ్చి, పప్పు, పాలు చేర్చిన తిండి పెట్టినచో నాలుక కొద్దిరోజులలోనే మానుతుంది. మతి కూడ, జబ్బు మరీ ముదరనిచో, రోజులలోనే తేరుకొంటుంది. పిచ్చి అనుకొన్న మనిషి భార్యను పేరు పెట్టి పిలుస్తాడు. బుద్ధిక్షీణతలలో ఇంత నిస్సందేహంగా, ఇంత చవకగా మరలేవి బహు కొద్ది. ఆలస్యమైనచో మాత్రం మరలదు. మరణం కూడ సంభవిస్తుంది. ఆ రోగికి కుంకుమపువ్వు మజూన్ ఇచ్చి ఉంటే ప్రయోజనముండేది కాదు. గుప్పెడు వేరుసెనగ పప్పులు, గిన్నెడు పాలు రోజూ దొరికి ఉంటే జబ్బే వచ్చి ఉండేది కాదు.

ఈ విజయమే తరువాతి వారికి ఒక ఆశ కలిగించినది. ఒక బుద్ధిక్షీణత ఆహారంతో మానినప్పుడు, వృద్ధాప్యంలో వచ్చే అల్జీమర్స్ వ్యాధి ఏల మానరాదు? 2004లో చికాగో నగర వృద్ధులను పరిశీలించినవారు, ఆహారంలో నియాసిన్ హెచ్చుగా తీసుకొన్నవారికి ఆ వ్యాధి తక్కువగా వచ్చినదని వ్రాసినారు. మంచి వార్తయే. అయితే మంచి ఆహారం తినేవారు సాధారణంగా చదువుకొన్నవారు, కలిగినవారు కూడ. మేలు చేసినది నియాసినా, కలిమియా అని పరిశీలన ఒక్కటే తేల్చలేదు.

పసుపు కథ కూడ ఇట్టిదే. ఢిల్లీ చేరువన హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెలలో అల్జీమర్స్ వ్యాధి చాల తక్కువగా ఉన్నదని 2001లో ఒక పరిశీలన ప్రకటించినది. భారతీయులు పసుపు తింటారు గదా, అదే కారణమని లోకం ఊహించినది. ఎలుకలలో చేసిన ప్రయోగాలు ఊహకు రెక్కలు తొడిగినవి. కాని పసుపులోని కర్క్యుమిన్‌ను రోజుకు 2 గ్రాములు, 4 గ్రాములు చొప్పున 24 వారాలు రోగులకు ఇచ్చి 2012లో ప్రకటించిన పరీక్షలో మేలు కనిపించలేదు. అసలు రక్తంలోనికే అది అతిస్వల్పంగా చేరినది. ప్రేగు దాటని పదార్థం మెదడును చేరుటెట్లు? చీనావారి గింకో ఆకుసారాన్ని అమెరికాలో 75 ఏండ్లు దాటిన 3069 మందిపై ఆరేండ్లకు పైగా పరీక్షించి 2008లో ఫలితం చెప్పినారు: రక్షణ లేదు. హకీముల కుంకుమపువ్వుకు మాత్రం కొంత గౌరవం దక్కినది. టెహ్రానులో కొద్దిమంది రోగులపై జరిగిన పరీక్షలో రోజుకు 30 మిల్లీగ్రాములు 22 వారాలు ఇవ్వగా, అది నేటి మందు డొనెపెజిల్‌తో సమంగా నిలిచినదని 2010లో వ్రాసినారు. కొద్దిమంది, కొద్దికాలం, ఇంకను పెద్ద పరీక్ష కావలసి ఉన్నది. ఆకుకూరలు, పప్పులు, గింజలు, పండ్లతో కూడిన ఒక భోజనక్రమాన్ని 604 మందిపై మూడేండ్లు పరీక్షించి 2023లో ప్రకటించినారు. మామూలు తిండిని కొంచెం తగ్గించి తిన్నవారికంటె వీరికి చెప్పుకోదగిన ఆధిక్యం కనిపించలేదు.

చెట్ల పదార్థాలు మెదడుపై పనిచేయవని దీనికి అర్థం కాదు. నేడు వైద్యులు అల్జీమర్స్ రోగులకు ఇచ్చే గాలంటమైన్ అనే మందు, ఐరోపాలో మంచు కరిగేవేళ పూచే స్నోడ్రాప్ అనే చిన్న మొక్క దుంపల నుండి వచ్చినదే. కాని అది మోతాదు కట్టిన మందు, పచ్చడి కాదు. అదియు జబ్బు లక్షణాలను కొంతకాలం తగ్గిస్తుందేగాని జబ్బును ఆపదు.

హైదరాబాదు నుండి ఈ విషయంలో ప్రపంచమంతా గమనించిన మరొక పరిశోధన 2013లో వెలువడినది. అది తిండికి సంబంధించినది కాదు, నాలుకకు సంబంధించినదే అయినను! నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో సువర్ణ అల్లాడిగారు, సహచరులు 648 మంది బుద్ధిక్షీణత రోగులను పరిశీలించగా, రెండు భాషలు మాటలాడేవారికి ఒకే భాష వచ్చినవారికంటె సగటున నాలుగున్నర ఏండ్లు ఆలస్యంగా జబ్బు కనిపించినది. చదువురానివారిలో కూడ ఈ భేదం ఉన్నది. ఇంట తెలుగు, అంగడిలో ఉర్దూ మాటలాడే పాతనగరపు కూరగాయల అమ్మకందారు ఈ లెక్కలో అదృష్టవంతుడు.

పెల్లాగ్రా ఇప్పుడు హైదరాబాదు ఆసుపత్రులలో అరుదు. దానిని పారద్రోలినది మందు బిళ్ల ఒక్కటే కాదు. నీటిపారుదల పెరిగి వరి విస్తరించినది. 1983లో రాష్ట్ర ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టిన పిదప బీద ఇండ్లలో సైతం జొన్న స్థానాన్ని బియ్యం ఆక్రమించినది. పళ్లెంలోనికి అప్పుడప్పుడైనను పప్పు, గ్రుడ్డు చేరినవి. నేడు కనిపించే కొద్దిమంది పెల్లాగ్రా రోగులలో మితిమీరి త్రాగి తిండి మానినవారు ముఖ్యులు. వారికి కూడ మతి తప్పినది కేవలం మద్యం వలననే అని వదలివేయక, నాలుకను, చేతుల చర్మాన్ని పరీక్షించి చూడవలెనని వైద్యవిద్యార్థులకు చెప్పుదురు.

జొన్నరొట్టె మాత్రం తిరిగివచ్చినది. సాయంకాలం నగరపు వీథుల ప్రక్కన పొయ్యి పెట్టుకొని స్త్రీలు చేతితో తట్టి కాల్చుచుండగా, మధుమేహం ఉన్న ఉద్యోగులు, బరువు తగ్గదలచినవారు వరుసలో నిలిచి కొనుక్కొనిపోవుచున్నారు. ఇంటికి పోయి ఆ రొట్టెను వారు పప్పుతో, కూరతో, పెరుగుతో తింటారు. పెల్లాగ్రా భయం వారికి లేదు.